ఏ పరమాణువు, ఏ ఘడియ



అమరావతిలో క్వాంటం వ్యాలీ కట్టుదుమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025లో ప్రకటించినది మొదలు ఆ మాట మన పల్లె అరుగుల మీదికి కూడా వచ్చినది. ఐక్యరాజ్య సమితి కూడా అదే సంవత్సరమును క్వాంటం శాస్త్ర సంవత్సరముగా పాటించినది. మా సంఘములోని డిగ్రీ పిల్లలు "అయ్యగారూ, క్వాంటం అంటే ఏమిటండీ, మనకు ఉద్యోగాలు వస్తాయా?" అని అడుగుచున్నారు. ఉద్యోగముల సంగతి మేము చెప్పలేము. మాది థియాలజీ డిప్లొమా. భౌతిక శాస్త్రము ఇంటర్మీడియట్‌తోనే ఆగిపోయినది. అయినను చేతికి దొరికిన పుస్తకములు చదువుచు, అర్థము కాని చోట హైస్కూలు ఫిజిక్సు మాస్టారిని విసిగించుచు, కొన్ని ఏండ్లుగా ఈ వింత వెంట పడియున్నాము. ఈ నెల దానిని గూర్చియే వ్రాయుచున్నాము. లెక్కలు పెట్టము, భయపడవద్దు.

కమ్మరి కొలిమిలో నాగటి కర్రు కాలుచుండగా మీరు చూచియే ఉందురు. మొదట ఎర్రబడును, తరువాత పసుపు, ఇంకను కాల్చితే తెలుపు. ఇందులో వింత ఏమున్నదని మనకు తోచును. కాని 1900 నాటి పండితులకు ఇది కొరుకుడు పడలేదు. వారికి తెలిసిన సూత్రముల ప్రకారము లెక్క కట్టితే కాలిన ఇనుము నుండి కంటికి కనిపించని ఊదా అవతలి కాంతి అంతు లేకుండా రావలెను. కొలిమి ముందు కూర్చున్నవాడు బ్రతకకూడదు. మన కమ్మరి తాతలు మాత్రము చక్కగా బ్రతికినారు.

జర్మనీ దేశములో బెర్లిను నగరమున మాక్స్ ప్లాంక్ అను ఆచార్యుడు 1900 డిసెంబరు 14న దీనికి ఒక మార్గము చెప్పినాడు. అప్పటికి ఆయనకు 42 ఏండ్లు, ఇంచుమించు మా ఈడు. వేడి వస్తువులో శక్తి పాలు పోసినట్లు ధారగా ఇచ్చి పుచ్చుకొనబడదు, కోడిగుడ్లు లెక్కపెట్టి ఇచ్చినట్లు ఇన్ని అని లెక్కగా జరుగును అన్నాడు. అర గుడ్డు లేదు, పావు గుడ్డు లేదు. అట్లు అనుకొంటే లెక్క సరిపోయినది. క్వాంటం అనగా లాటిను భాషలో "ఎంత" అని అర్థము. తమాషా ఏమంటే ఆ మాట ప్లాంకుకే నచ్చలేదు. దానిని పాత శాస్త్రములో ఇమిడ్చుటకు ఆయన చాలా ఏండ్లు పాటుపడినాడు. 1905లో ఐన్‌స్టీన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, కాంతియే రేణువులు రేణువులుగా ప్రయాణము చేయునని చెప్పినాడు. ఆ పని కొరకే ఆయనకు 1921 సంవత్సరపు నోబెల్ బహుమానము దక్కినది. ఆ రేణువునే ఇప్పుడు ఫోటాన్ అందురు.

ఇంతవరకు మింగుడు పడును. అసలు వింత ఇక్కడి నుండి మొదలగును.

ఒక గోడకు పక్కపక్కన రెండు కిటికీలు ఉన్నవనుకొనండి. దూరము నుండి గుప్పెడు గుప్పెడు జొన్నలు విసిరితే గోడ వెనుక రెండు కుప్పలు పడును. అదే గోడ చెరువులో ఉండి, రెండు సందులలో నుండి అలలు వచ్చినవనుకొనండి. ఆ అలలు ఒకదానితో ఒకటి కలిసి, కొన్ని చోట్ల నీరు ఎగిసిపడును, కొన్ని చోట్ల అలికిడి లేక ఉండును. చారలు చారలుగా కనబడును. గింజలకు కుప్పలు, అలలకు చారలు. దీనిలో వివాదము లేదు.

1989లో జపాను దేశమున హిటాచీ సంస్థకు చెందిన అకిరా టొనొమురా, ఆయన తోటివారు ఎలక్ట్రాన్లతో ఈ పరీక్ష చేసినారు. ఒక అతి సన్నని తీగకు ఇటొకటి అటొకటి రెండు దారులు ఉంచి, ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపినారు. ఒకటి తెరను తాకిన తరువాతనే ఇంచుమించుగా రెండవది బయలుదేరును. తెర మీద ఒక్కొక్క ఎలక్ట్రాను ఒక్కొక్క చుక్క పెట్టినది, అచ్చముగా గింజ పడినట్లు. మొదటి పది చుక్కలు చూస్తే పిల్లవాడు సిరా విదిలించినట్లు ఒక వరుస లేదు, వావి లేదు. వందలు పడినను అంతే. వేలు పడిన తరువాత చుక్కల నడుమ నుండి చారలు తేలినవి. అలలకు వచ్చే చారలు!

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఒక్కొక్కటి ఒంటరిగా వచ్చినది. ముందు పోయిన దానిని వెనుక వచ్చినది చూడలేదు. అయినను ప్రతిది ఆ చారల క్రమమునకు లోబడినట్లే పడినది. ఇంకొక మాట. ఒక దారి మూసియుంచితే తెర మీద ఎలక్ట్రాన్లు పడు చోటు ఒకటి ఉన్నదనుకొనండి. రెండవ దారి కూడా తెరిచితే అక్కడ పడుట మానివేయును. రెండు కిటికీలు తెరిచినందుకు ఎక్కువ గింజలు పడవలెను గాని ఉన్నవి కూడా పడకపోవుట ఏమిటి? గింజ అయితే ఇది జరగదు. అల అయితే ఒక్క చుక్కగా పడదు. మా ఫిజిక్సు మాస్టారు దీనికి చెప్పిన జవాబు ఒకటే: "అయ్యగారూ, అది గింజా కాదు, అలా కాదు. మన ఊళ్లో దానికి పోలిక లేదు, అంతే."

ఏ దారిన పోయినదో గుర్తు దొరికేటట్లు ఏర్పాటు చేస్తే చారలు మాయమై కుప్పలు వచ్చును. దీనిని పట్టుకొని కొందరు వక్తలు మనిషి చూపు వలననే లోకము ఏర్పడుచున్నదని, మనస్సులో అనుకొంటే వస్తువు మారునని చెప్పుచున్నారు. క్రైస్తవ వేదికల మీద కూడా ఈ మాట విన్నాము. అది సరి కాదు. అక్కడ మనిషి చూడనక్కరలేదు. ఏ దారిన పోయినదో ఒక జాడ ఎక్కడ మిగిలినను చాలును, గదికి తాళము వేసి అందరు ఇంటికి పోయినను చారలు రావు. ప్లాంకును మన పక్షమున సాక్షిగా నిలబెట్టువారును ఉన్నారు. ఆయన 1920 నుండి లూథరన్ సంఘములో పెద్దగా ఉన్న మాట నిజమే. కాని మనము నమ్మునట్లు మనిషితో మాటలాడు దేవుని తాను నమ్మననియు ఆయన చివరి దినములలో వ్రాసినాడు. చనిపోయినవారిని మన అవసరము కొరకు మాటలాడించకూడదు.

ఈ ఎలక్ట్రాన్ల సంగతి జపానులోను జర్మనీలోను జరిగే ముచ్చట, మనకేమి అని కొందరు అనుకొందురేమో. మా సంఘములో ఒక సహోదరి ఉన్నది. నలభై దాటిన మనిషి, కూలి పని, ఇద్దరు పిల్లలు. గర్భసంచి ముఖద్వారమునకు క్యాన్సరు అని తేలి, పట్నములో ఆసుపత్రిలో కరెంటు పెట్టుట మొదలుపెట్టినారు. మన ఊళ్లలో కరెంటు అందురు గాని అక్కడ పని చేయునది కరెంటు కాదు. ఆ యంత్రము లోపల సీసపు కవచములో కోబాల్టు 60 అను లోహము ఉండును. దాని నుండి వచ్చు కిరణములే మందు. ఈ వైద్యము 1951లో కెనడా దేశమున మొదలైనది. ఇప్పుడు చాలా ఆసుపత్రులలో దీని స్థానమున వేరే యంత్రములు వచ్చినవి గాని, కోబాల్టు యంత్రముతో నేటికిని వైద్యము పొందు పేదవారు మన దేశములో ఎందరో ఉన్నారు. ఈ కోబాల్టు మన దేశములోనే, రాజస్థాను రాష్ట్రమున రావత్‌భాటా అణు విద్యుత్ కేంద్రములో తయారగుచున్నది.

ఆమె భర్త ఒకనాటి సాయంకాలము మా ఇంటికి వచ్చినాడు. ముఖము వాడిపోయి ఉన్నది. "అయ్యగారూ, ఆ మిషను చచ్చిపోయిందండీ. కొత్తలో రెండు నిమిషాలే పెట్టేవారంట, ఇప్పుడు నాలుగు నిమిషాలు పెడుతున్నారు. అక్కడ పనిచేసే ముసలాయనే చెప్పాడు. ఎకరం అమ్మేసి పెద్ద ఆసుపత్రికి తీసుకుపోదామనుకుంటున్నా" అన్నాడు. ఉన్నది ఆ ఎకరమే. "రేపు నేనును వస్తాను, అమ్మే మాట అప్పటి వరకు ఎత్తకు" అని చెప్పి మరునాడు బస్సు ఎక్కినాము.

యంత్రముల లెక్కలు చూచే ఉద్యోగి ఓపికగా చెప్పినాడు. కోబాల్టు లోహములోని పరమాణువులు ఒక్కొక్కటిగా పేలి, కిరణములను వదలి, నికెల్ అను వేరొక లోహముగా మారిపోవును. మొదట ఉన్నవాటిలో సగము మారుటకు 5 సంవత్సరముల 3 నెలలు పట్టును. మిగిలిన సగములో సగము మారుటకు మరల అంతే కాలము. అనగా నెలకు నూటికి ఒక వంతుకు కొంచెము పైగా బలము తగ్గుచుండును. అందుచేత వారు నిమిషములను ఎప్పటికప్పుడు తిరిగి లెక్క కట్టి పెంచుదురు. మొదటి రోజున రెండు నిమిషములలో అందే మోతాదు 5 సంవత్సరముల 3 నెలల తరువాత నాలుగు నిమిషములలో అందును. రోగికి అందేది అంతే. మోసము లేదు, లోపము లేదు. ఎకరము నిలిచినది.

తిరుగు బస్సులో ఆయన మమ్మును ఒక మాట అడిగినాడు. "సగం పోతాయన్నాడు గదండీ. ఏ సగం?" చదువు లేని మనిషి అడిగిన ఈ ప్రశ్న దగ్గరనే ఇరవయ్యవ శతాబ్దపు పండితులందరు నిలిచిపోయినారు. ఏ పరమాణువు ఏ ఘడియలో పేలునో ఎవరును చెప్పలేరు. పాతబడినది ముందు పోవునా అంటే అదియు కాదు. మన ఇంటి కుండ పదేండ్లు వాడితే పెళుసు బారును, ఎద్దు ముసలిదగును, మనిషి వంగిపోవును. కోబాల్టు పరమాణువునకు ముసలితనము లేదు. నిన్న పుట్టినదానికిని, పదేండ్ల క్రిందట పుట్టి ఇంతవరకు నిలిచినదానికిని రేపు పేలుటకు అవకాశము సరిసమానము. ఒక్కదానిని పట్టుకొని చూస్తే ఏ నియమమును కనబడదు. లెక్కలేనన్ని కూడితే మాత్రము రోగి ప్రాణమును ఆ లెక్క మీద ఉంచగలిగినంత నమ్మకముగా నడుచును. టొనొమురా చుక్కలు, చారలు కూడా ఇదే సంగతి గదా.

లోపల ఏదో ఒక చీటీ ఉండి ఉండవచ్చును గదా, ఫలానా ఘడియలో పేలవలెనని దానిలో ముందే వ్రాసి ఉండవచ్చును, మనకు చదువ చేత కాలేదేమో? ఐన్‌స్టీను మనస్సులో ఉన్నది ఇటువంటిదే. 1926లో మాక్స్ బోర్న్ అను స్నేహితునికి వ్రాసిన ఉత్తరములో, దేవుడు పాచికలు ఆడడని తన నమ్మకమన్నట్లు వ్రాసినాడు. ఈ మాటను కూడా మన ప్రసంగీకులు తరచుగా వాడుదురు. ఆయన దేవుడన్నది ప్రకృతిలోని క్రమమునే గాని ప్రార్థన ఆలకించువానిని కాదు.

చీటీ ఉన్నదా లేదా అని పరీక్షించు ఉపాయమును 1964లో ఐర్లాండువాడైన జాన్ బెల్ కనుగొన్నాడు. మన పంచాయతీ పెద్దలు ఇద్దరు సాక్షులను వేర్వేరు గదులలో కూర్చుండబెట్టి, ఏ ప్రశ్న వచ్చునో ముందు తెలియనీయక అడుగుదురు గదా. ఇద్దరును ముందే కూడబలుక్కొని వచ్చినారనుకొనండి. ఎంత బాగా కూడబలుక్కొన్నను, ప్రశ్నలు మార్చి మార్చి అడుగుచుంటే వారి జవాబులు పొసగుటకు ఒక హద్దు ఉండును. ఆ హద్దు ఎంతో బెల్ లెక్క కట్టినాడు. జంటగా పుట్టిన కాంతి రేణువులను దూరదూరముగా పంపి 1972లో అమెరికాలో జాన్ క్లౌజర్, 1982లో ఫ్రాన్సులో అలాన్ ఆస్పె అడిగి చూచినారు. 2015లో ఇంకను పకడ్బందీగా జరిగినది. ప్రతిసారి జవాబులు ఆ హద్దును దాటి పొసగినవి. కూడబలుక్కొన్న సాక్షులకు అది సాధ్యము కాదు. క్లౌజర్, ఆస్పె, ఆస్ట్రియా దేశస్థుడు ఆంటన్ జైలింగర్ ముగ్గురికి 2022లో నోబెల్ బహుమానము ఇచ్చినారు. చీటీ ఉన్నదనియే ఇంకను పట్టుబట్టువారు కొందరు లేకపోలేదు; అయితే ఎంత దూరములో ఉన్నను ఒకదాని సంగతి రెండవదానికి తత్‌క్షణమే అందునని వారు ఒప్పుకొనవలసి వచ్చును. అది ఇంకా పెద్ద వింత.

ఇక్కడ మేము ముఖ్యముగా చెప్పదలచినది ఉన్నది. ఆ సహోదరికి డాక్టరమ్మ "మీలాంటి దశలో వచ్చినవారిలో ఎక్కువమంది కోలుకుంటారమ్మా, మీరు వారిలో ఉంటారా అంటే ఇప్పుడే చెప్పలేను" అన్నది. వినుటకు కోబాల్టు సంగతివలెనే ఉన్నది. గుంపును గూర్చి తెలియును, ఒక్కదానిని గూర్చి తెలియదు. కాని రెండు తెలియకపోవుటలును ఒకటి కావు. పరమాణువు విషయములో తెలిసికొనుటకు లోపల ఏమియు ఉన్నట్లు కనబడదు. మనిషి విషయములో తెలిసికొనవలసినది ఎంతో ఉన్నది: గడ్డ ఎంత పాకినది, ఒంట్లో రక్తము ఎంత, కోర్సు విడువక పూర్తి చేసిందా, ఎంత త్వరగా ఆసుపత్రికి వచ్చింది. డాక్టరమ్మ తెలియదన్నది పరీక్షతోను, ప్రయత్నముతోను తగ్గించుకొనగల తెలియకపోవుట. "అంతా యాదృచ్ఛికమే, సైన్సు కూడా ఒప్పుకొన్నది" అని ఒక చదువుకొన్న చుట్టము ఆమెతో అన్నాడు. "ఏ పాపము చేసినావో గుర్తు చేసికో" అని ఇంకొకరు అన్నారు, ఆయన ప్రార్థన కూటములకు వచ్చువాడే. ఇద్దరును తమకు తెలియని చోట తెలిసినట్లు మాటలాడినారు. మొదటివాని మాటకు కోబాల్టులో ఆధారము లేదు. రెండవవాని మాటకు వేరొకచోట జవాబు చెప్పినాము, సంఘములోనే చెప్పినాము.

మూడవవాడు ఒకడు డబ్బు కూడా పట్టుకొని పోయినాడు. కోర్సు నడుమ "క్వాంటం మిషను" అని ఒక పెట్టె తెచ్చి, ఆమె అరచేతిలో లోహపు కడ్డీ పెట్టించి, ఒక్క నిమిషములో శరీరమంతా చదివినానని చెప్పి, పొడుల డబ్బాలు అంటగట్టినాడు. ఆ నాలుగు రోజులు ఆమె కరెంటుకు పోలేదు. మేము చదివిన ఏ భౌతిక శాస్త్ర పుస్తకములోను కడ్డీ పట్టుకొంటే క్యాన్సరు తెలియజేసే క్వాంటం యంత్రము లేదు. వింతైనది కాబట్టి దేనినైనను ఆ పేరున అమ్మవచ్చుననుకొనుచున్నారు. నిజానికి ఆ శాస్త్రము ఎంత వింతైనదో అంత కచ్చితమైనది; నిమిషముల లెక్క అడిగితే చెప్పగలదు. పొడుల డబ్బాల వాడు దేని లెక్కయు చెప్పలేదు. వైద్యులు కరెంటు నడుమ రోజులు మానవద్దని గట్టిగా చెప్పుదురు. మానితే గడ్డ తిరిగి బలము పుంజుకొనును. పాఠకులలో ఎవరి ఇంటనైనను ఈ వైద్యము నడుచుచుంటే దయచేసి ఈ ఒక్క మాట గుర్తుంచుకొనండి. ఆమె ఐదవ రోజు తిరిగి వెళ్లినది, చీవాట్లు తిన్నది, మిగిలిన కోర్సు ఒక్క రోజు కూడా మానక పూర్తి చేసినది. ఇప్పుడు మూడు నెలలకు ఒకసారి పరీక్షకు పోవుచున్నది.

ఇంటికి వచ్చిన తరువాత ఇంకొక బాధ. అత్తగారు ఆమె కంచము వేరు చేసినది, పిల్లలను దగ్గరకు పోనీయలేదు, ఆ కిరణములు వారికి అంటుకొనునని. ఇది చాలా ఊళ్లలో ఉన్న భయము కాబట్టి వ్రాయుచున్నాము. కోబాల్టు నుండి వచ్చునది కూడా కాంతియే, కంటికి కనబడని మిక్కిలి బలమైన కాంతి. ఐన్‌స్టీను చెప్పిన ఆ రేణువులే. దీపము ఆర్పిన తరువాత వెలుగు గదిలో ఏ మూలను దాగి ఉండదు. అట్లే యంత్రము మూసిన క్షణమున ఆమె ఒంటిలో కిరణము ఏదియు మిగిలి ఉండదు. థైరాయిడ్ జబ్బునకు త్రాగించే అయోడిన్ మందు సంగతి వేరు, అక్కడ కొన్ని రోజులు ఎడముగా ఉండుమని వైద్యులే చెప్పి పంపుదురు. బయటి నుండి కరెంటు పెట్టించుకొన్నవారికి ఆ నియమము లేదు. వారి కంచములో తినవచ్చును. పిల్లలను పక్కన పడుకోబెట్టుకొనవచ్చును.